పరిశీలన యాడుందప్పా?

మా గొర్రెల మామ పోయాడు. పోయిన వారం ఒకరోజు పొద్దున్నే గుండెనొప్పి వస్తే ఫోన్ చేశాం. ఆంబులెన్సు వచ్చింది, వచ్చి వంక అవతలి గట్టున ఆగిపోయింది. ఇవతలి గట్టున మంచం మీద మామ. మధ్యలో పొంగిపారే ఎర్రనీళ్లు.

ఆయన నాకు చుట్టం కాదు. జమ్మలమడుగు దగ్గర ఆ పల్లెకు నేను పంతులుగా వచ్చిన మొదటి వానాకాలం, చెయ్యి పట్టుకుని వంక దాటించిన మనిషి. హైస్కూలు పిల్లల్ని రోజూ దాటించేవాడు. గట్టు వారన కట్టె పాతి, దానికి ఎర్రగుడ్డ కట్టాడు. "గుడ్డ మునిగితే దిగాకండి. దేవుడు పిలిచినా దిగాకండి" అనేవాడు.

వంతెన కోసం ఆయన చెప్పగా అర్జీలు రాసింది నేనే. ప్రతిసారీ ఒకటే జవాబు: మీ అర్జీ పరిశీలనలో ఉంది. ఒకరోజు మామ అడిగాడు: "ఈ పరిశీలన యాడుందప్పా? ప్రొద్దుటూరు దాటినాకనా, పులివెందుల పక్కనా? అర్జీ ఆడే ఉందంటాండారు గదా, నేనే పోయి అడుగుతా."

నేను పడీ పడీ నవ్వాను. తోటి పంతుళ్లకూ చెప్పి నవ్వించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

"అది ఊరు కాదు మామా. చూస్తున్నారని అర్థం" అన్నాను.

"వంకను సూడాలంటే వంక కాడికి రావాల గదా. ఎవురొచ్చినారు?"

వచ్చాడు ఒక నాయకుడు, ఓట్లప్పుడు, మండే ఎండల్లో. ఎండిన వంకలో కారు దిగి, "గెలిస్తే మొదటి పని ఇదే" అన్నాడు. మామ దండేసి, "ఒక్కసారి వానాకాలం రాన్నా" అన్నాడు. ఆయన గెలిచాడు. మళ్లీ ఓట్లకే, మళ్లీ ఎండల్లోనే వచ్చాడు. ఈ తూరి మామ దండ వేయలేదు. కట్టె దగ్గరికి పిలుచుకుపోయి గుడ్డ చూపించాడు. ఆయన పక్కవాణ్ణి అడిగాడు, "ఇది ఏ పార్టీ జెండా?" అని. నాకు ఒళ్లు మండిపోయింది. మామ మాత్రం వంగి గుడ్డ ముడి బిగించాడు.

ఆంబులెన్సు అవతల ఆగిపోయిన ఆ పొద్దున నలుగురం మంచం ఎత్తి నీళ్ల దగ్గరికి నడిచాం. మామ తల తిప్పి కట్టె వైపు చూశాడు.

"గుడ్డ మునిగిందిరా. దిగాకండి."

మంచం గట్టు మీదే దించాం. మధ్యాహ్నానికి నీళ్లు తగ్గాయి. అప్పటికే మామ లేడు.

నిన్న వంక దగ్గరికి పోయాను. పిల్లలు చెప్పులు చేత పట్టుకుని, ముందు కట్టె వైపు చూసి, తర్వాతే దిగుతున్నారు. గుడ్డకు జానెడు పైన, కట్టె మీద ఆ పొద్దుటి నీళ్ల బురద గీత ఆరిపోయి ఉంది.