చందమామ గడువు

రాజోలు నుంచి గల్ఫుకొచ్చి పదకొండేళ్లుగా మనామాలో ఒకే ఇంట్లో పనిచేస్తున్న నరసాయమ్మకు భయమంటే తెలియదని ఆ ఊళ్లోని తెలుగువాళ్లమంతా అనుకునేవాళ్లం. అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం ఫోన్లో నా దగ్గర భోరుమంది.

ఆ ఇంటి యజమాని ఎజ్రా ఎనభై దాటిన యూదుడు, ఒకప్పుడు బట్టల కొట్టు నడిపినాయన. ఆవిడకు ‘బాబా’. నెలనెలా చంద్రుణ్ణి చూసి దీవెన చదవడం వాళ్ల ఆచారం. అమావాస్య దాటి ఏడు రోజులు ఆగాలి, నెలలో సగం దాటిపోకూడదు, చంద్రుడు కంటికి కనబడాలి. భార్య పోయాక ఎజ్రా ఒక్క నెల కూడా తప్పలేదు. తప్పితే ఆమెను మరిచిపోయినట్టేనని ఆయన బాధ.

ఆ నెల వారమంతా దుమ్ము, ఆపైన బాబాకు జ్వరం. ముందురోజు సాయంత్రం దుమ్ము విడిపోయి చంద్రుడు కనిపించాడు. కానీ అప్పుడే కన్నంటుకున్న ముసలాయన్ని లేపడానికి నరసాయమ్మకు మనసొప్పలేదు. వంటింటి గోడమీద తెలుగు క్యాలెండర్లో పౌర్ణమి రేపని ఉంది. ఇంకా రోజుంది కదా అనుకుంది. అక్కడే పప్పులో కాలేసింది. మర్నాడు కళ్లజోడు పెట్టుకుని చూస్తే పౌర్ణమి మధ్యాహ్నానికే సరి, నెలలో సగం దాటిపోయినట్టే!

“చేతులారా చేసుకున్నానక్కా. ఆయనకి మొకం ఎలా చూపించేది?”

“ముందా ఏడుపాపి నిజం చెప్పెయ్యి. దాచి ఏం బావుకుంటావు?” అని కసిరాను.

చెప్పేసింది, వాళ్లిద్దరికీ వచ్చీరాని హిందీలో. బాబా తమ పంచాంగం తెప్పించుకుని, వేళ్లమీద లెక్కేసి నవ్వారట.

“అయిపోయింది మీ పౌర్ణమి, నరసా. మా పెద్దలు చంద్రుడు పుట్టిన గడియ నుంచి పదిహేను నిండు రోజులిచ్చారు. రాత్రి తొమ్మిదింటి దాకా గడువుంది.”

సాయంత్రం ఆయన్ని మెల్లగా లిఫ్టులో మేడమీదికి తీసుకెళ్లింది. తూర్పున ఇంకా దుమ్మే. ఏడున్నరకు చంద్రుడు ఎర్రగా మసగ్గా కనిపించాడు, ఎనిమిదింటికి తేటపడ్డాడు. హమ్మయ్య అని నరసాయమ్మ పైకే అనేసింది.

దీవెన అయ్యాక పక్కనున్నవాళ్లకు మూడుసార్లు శాంతి చెప్పాలి, వాళ్లూ తిరిగి చెప్పాలి. భార్య పోయినప్పటి నుంచి ఆ జవాబు నరసాయమ్మదే. ఆ రాత్రి మూడుసార్లూ ఆవిడ గట్టిగా చెప్పింది.

“నిన్న నన్ను నిద్రపోనిచ్చావు, మంచిపని చేశావు,” అన్నారు బాబా. “వచ్చేనెల మాత్రం లేపు.”