బామ్మర్ది పేరు మీద ఇచ్చిన డబ్బా

బంగారంలాంటి మనిషికి లేని రోగం అంటగట్టిన ఘనుణ్ణి నేను. అదెలాగో చెబుతాను, నవ్వుకోండి. కానీ తప్పంతా నాదేనని మా అత్తగారింటివాళ్లలా మీరూ అంటే మాత్రం ఊరుకోను.

ఆర్మూరు పసుపు యార్డులో తూకాలు వేయడం నా పని. నాతోపాటు కాంటా దగ్గర నిలబడే నర్సయ్య పెద్దపేగు క్యాన్సర్‌తో పోయాడు. తెలిసేసరికే ముదిరిపోయిందట. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్లు. భయపడి నిజామాబాద్ పోతే, డాక్టరు నా చేతిలో ఓ డబ్బా పెట్టాడు.

"సూది లేదు, పైపు లేదు. ఇంట్లనే మలం తీసి ఇండ్ల పెట్టి ఇయ్యుండ్రి. పేగుల గడ్డ గిట్ల ఉంటే దాని కణాలు మలంల రాలుతయి. డీఎన్ఏ చూసి పట్టుకుంటరు. తేడా కనవడితే అప్పుడు కెమెరా పెట్టి చూస్తం" అన్నాడు.

ఇంత సులువైన పరీక్షను రచ్చ చేయాలంటే ఎంత తెలివి ఉండాలి! నాకుంది.

డబ్బా ఇవ్వాల్సిన ల్యాబు కౌంటరు ఎక్కడ పెట్టారనుకున్నారు? సరిగ్గా మా యార్డు గేటు ఎదురుగా! ఊళ్లో ఇంకెక్కడా జాగా దొరకలేదా అని నాకిప్పటికీ మంటే. రైతులు, హమాలీలు, వ్యాపారులు అంతా ఆ పక్కనే చాయ్ తాగుతారు. ముఖానికి దస్తీ కట్టుకుని, డబ్బాను మిఠాయి పొట్లంలా చంకలో పెట్టుకుని, దొంగలా లోపలికి దూరాను.

"పేషెంటు పేరు చెప్పుండ్రి సార్!" అని అరిచింది కౌంటర్లో అమ్మాయి, చాయ్ తాగేవాళ్లందరికీ వినపడేలా.

నా పేరు చెబితే యార్డంతా తెలిసిపోదూ! "లింబాద్రి, కమ్మర్‌పల్లి" అన్నాను. లింబాద్రి నా భార్య గంగామణికి తమ్ముడు. ఫోన్ నంబరు అడిగింది. నాది కాకుండా నాకు నోటికి వచ్చిన నంబరు వాడిదొక్కటే, అదీ చెప్పాను. వయసు మాత్రం నాదే చెప్పాను. మరీ అంత అబద్ధాలకోరును కాను.

రిపోర్టు నేనే వచ్చి తీసుకుంటే ఎవరికీ తెలియదనుకున్నాను. తేడా వస్తే వాళ్లే ఫోన్ చేస్తారని ముందే ఎవరైనా చెప్పారా? చెప్పలేదు!

రెండు వారాలకు, పొద్దున్నే నేను జొన్నరొట్టె తింటుండగా లింబాద్రి వచ్చాడు. దుబాయిలో పదేళ్లు ఇనుము మోసిన ఆరడుగుల మనిషి, గడపలోనే కూలబడి ఏడ్చాడు. వెనకే మా అత్తగారు శోకాలు పెడుతూ వచ్చింది, ఆ గోలకు గంగామణీ బయటికొచ్చింది.

"బావా, నా మలంల తేడా ఉన్నదట! కెమెరా పెట్టాలెనట! అసలు నేను ఎవ్వలకు ఏం ఇయ్యనే లేదు బావా! గదే చెప్తే ఫోన్ల గా ల్యాబు పిల్ల, మొఖానికి దస్తీ కట్టుకొని మీరే తెచ్చిచ్చిండ్రు కద సార్ అంటున్నది. ఎవడో నా పేరు మీద ఇచ్చిండు. గా లుచ్చాగాడు దొరకనీ, యార్డు నడుమ నిలవెట్టి తంత! గని బావా, గా మాట ఇన్నకాడి నుంచి కడుపుల నొస్తనే ఉన్నది!"

"గది ఏదో పొరపాటు అయి ఉంటది..." అని మొదలుపెట్టాను. అప్పుడు తట్టింది. తేడా వాడిది కాదు, నాది. ఆఖర్లో చిక్కిపోయిన నర్సయ్య ముఖం కళ్లముందుకొచ్చింది.

"గది నాదే లింబాద్రీ" అన్నాను.

ముగ్గురూ నన్ను పట్టుకుని ఏడుస్తారనుకున్నాను.

"ఏందీ? నీదా? నా పేరు మీదనా?" అని లింబాద్రి లేచాడు.

"నా కొడుకు పేరే దొరికిందా అల్లుడా నీకు?" అంది అత్తగారు.

"నీ సొంత తమ్ముని పేరు చెప్పరాకపోయినవా?" అంది గంగామణి.

చూడండి న్యాయం! మనిషి దక్కుతాడో లేదో తెలియదు, పంచాయితీ మాత్రం పేరు గురించి!

అయినా నన్ను దవాఖానకు తీసుకుపోయింది లింబాద్రే. పేగులో శనగగింజంత గడ్డ ఉంటే అక్కడికక్కడే తీసేశారు. క్యాన్సర్ ఇంకా కాలేదని తేలింది. "మంచి టైంల వచ్చిండ్రు" అన్నాడు డాక్టరు. బయట ఓ మూలకు పోయి ఏడ్చాను. లింబాద్రి చూసి కూడా చూడనట్టు చాయ్ తెచ్చిచ్చాడు.

ఇంతలో కమ్మర్‌పల్లంతా లింబాద్రికి క్యాన్సరని పాకిపోయింది. జనం వరసకట్టి వాడి ఇంటికి వచ్చారు, ఒక్కరూ వట్టి చేతులతో రాలేదు. వాడు కాదంటున్నకొద్దీ, పాపం ధైర్యం చెప్పుకుంటున్నాడని ఇంకో డజను పండ్లు పెట్టి పోయారట. కోత నాకు, యాపిల్ పండ్లు వాడికి!

అందుకే ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట నా కడుపులోంచి వచ్చిన దేని మీదైనా సరే నా పేరు, మా నాన్న పేరు, ఇంటి నంబరు పెద్ద అక్షరాలతో రాయిస్తాను. పండ్లు మా ఇంటికే రావాలి.