పాట మీద తీసిన పెళ్లి

మొన్న బంధువుల పెళ్లిలో ఎవరో పాతకాలపు వీడియో లైటు వెలిగించారు. వేడి గాజు మీద పడి మాడిన పురుగుల వాసన తగలగానే సలీమన్న గుర్తొచ్చి, అక్షింతలు నా చేతిలోనే ఉండిపోయాయి. కామారెడ్డిలో ఆయన స్టూడియోలో పెళ్లి వీడియోలకు మిక్సింగ్ చేసేదాన్ని. అప్పగింతల్లో పెళ్లికూతురి ఏడుపును దగ్గరగా చూపించే ముక్క వస్తే, "గిది తీసెయ్ చెల్లె. ఆమె ఏడుపు ఆమెది, ఊరోళ్లది కాదు" అనేవాడు. అంత బాగా వచ్చినదాన్ని తీసేయమంటే నాకు ఒళ్లు మండేది.

పెళ్లిళ్లు ఆయనకు పొట్టకూటికే. ప్రాణమంతా లచ్చవ్వ పాట మీద ఉండేది. జుక్కల్ వైపు నుంచి కూలికి వచ్చిన ముసలమ్మ ఆమె. తెలంగాణ ఉద్యమం రోజులవి. ధూంధాం సభల్లో ఆమె గొంతెత్తితే కాలేజీ పిల్లలు చుట్టూ చేరి ఆడేవాళ్లు. ఏ ఊరి సంగతి ఆ ఊళ్లో కలిపి అప్పటికప్పుడు పాట అల్లేది, పెద్ద అధికారులను పేరెత్తకుండానే ఉతికి ఆరేసేది. సలీమన్న అవన్నీ ఉచితంగా తీసి, ఎప్పటికైనా సినిమాగా కూర్చాలనుకున్నాడు. కంప్యూటర్‌లో పెళ్లిళ్లకే చోటు చాలక పాటలు క్యాసెట్లలోనే ఉండిపోయాయి.

ఎవరో పిల్లవాడు ఫోన్లో తీసిన పాట ముక్కను ఫేస్‌బుక్‌లో పెట్టాడు. అందులో కెమెరాతో సలీమన్న కూడా కనిపించాడు. పోలీసులు స్టూడియోకి వచ్చి, ఆడిన వాళ్ల మొహాలు చూడాలంటూ క్యాసెట్లన్నీ మర్నాడు స్టేషన్‌కు తెమ్మన్నారు. పాట పాడకూడదని ఎక్కడా అనలేదు. మర్యాదగా టీ తాగి వెళ్లారు.

మా ఇంట్లో దాస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"దాసినా ఎప్పుడన్న దొరుకుతది చెల్లె. పోరగాండ్ల మొహాలున్నయ్ అండ్ల. కేసులైతే సర్కారు నౌకర్లు రావు."

ఆ రోజు ఎల్లారెడ్డిలో మాకు పెళ్లి ఉంది. వాడిన క్యాసెట్టు మీదే, పాతది చెరిగిపోయేలా మళ్లీ తీయడం మా పనిలో మామూలే. సలీమన్న లచ్చవ్వ క్యాసెట్లను ఒక్కొక్కటిగా కెమెరాలో పెట్టి, జీలకర్రబెల్లం నుంచి అప్పగింతల దాకా పెళ్లంతా తీశాడు. నేను లైటు పట్టుకుని పక్కనే ఉన్నాను. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. మర్నాడు స్టేషన్‌లో క్యాసెట్టు వేసి చూస్తే తలంబ్రాలు వచ్చాయట. పొద్దుగూకే దాకా నిలబెట్టి, నోటికొచ్చినట్టు తిట్టి వదిలేశారు.

రాష్ట్రం వచ్చిన ఏడాది లచ్చవ్వ కర్ర ఊతతో స్టూడియోకి వచ్చింది. పక్షవాతంతో మాట ముద్దగా వస్తోంది, పాట పూర్తిగా పోయింది. తన పాట తానే ఒకసారి వినాలని ఉందంది. సలీమన్న తల దించుకుని జరిగిందంతా చెప్పాడు. ఆమె కర్రను గోడకు ఆనించి కూర్చుంది.

"పెండ్లి మంచిగ వచ్చిందా బిడ్డా?"

"మంచిగనే వచ్చిందవ్వ," అని లోపలి గదిలోకి పోయాడు. ఆయన ఏడవడం నేను విన్నది అప్పుడే.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆ పిల్లల్లో కొందరు సర్కారు నౌకర్లలో కుదురుకున్నారు, వాళ్లకు ఈ సంగతి తెలియదు. సలీమన్న చేసింది తప్పని నేనెన్నడూ అనను. కానీ ప్రాణంగా దాచుకున్నదాన్ని ఆయన చేతులతో ఆయనే తుడుచుకునేలా చేశారు పోలీసులు, అది నాకు ఈనాటికీ మింగుడు పడదు. వంట చేస్తూ ఒక్కోసారి లచ్చవ్వ వరస అందుకుంటాను. మాటల దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ గుర్తు రాదు.