ఎడమ రెక్క బందు

ఆ మధ్యాహ్నం ఆర్మూర్ బస్టాండులో నా ఒళ్లో ఫోముతో చేసిన రిమోట్ విమానం ఉంది. నెల రోజులు ఒంటరిగా కూర్చుని కట్టుకున్నది. గాలిలో ఎడమకు తిప్పితే ఆగకుండా అటే దొర్లిపోయేది. మూడుసార్లు పడింది. ఇక ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నాను.

పక్కన ఒక పెద్దాయన. సంచిలోంచి రంపం పిడి కనిపిస్తోంది, వడ్రంగి.

"ఏమైంది సార్ దీనికి?" అన్నాడు.

చెప్పాను. రెక్కల వెనక మడతబందుల మీద కదిలే పలకలను చూసి, "గా తీగలు ఇప్పుండ్రి జర" అన్నాడు. పలకలను లాగే చిన్న మోటార్ల తీగలు విప్పాను. రెండు పలకలనూ వేలితో పైకెత్తి వదిలాడు. కుడిది కిందికి జారింది. ఎడమది ఎత్తినచోటే ఆగిపోయింది; విమానం అటే దొర్లడం అందుకే.

"బందుల గమ్ము వోయి ఎండింది. తలుపులకు రంగేసెటోళ్లు గూడ గిట్లనే జేస్తరు."

బ్లేడుతో ఆ గమ్మును ఓపికగా గీకి తీశాడు. పలక వదులైంది.

"ఎగిరేటప్పుడు ఎంబడి ఎవలుంటరు?"

"ఎవరూ లేరు. ఒక్కణ్నే."

బ్లేడును సంచిలో వేసుకున్నాడు. తర్వాత, "మరి మంచిగెగిరిందో లేదో నాకెట్ల తెలుస్తది?" అన్నాడు.

నేను నవ్వాను. అంతలో ముప్కాల్ బస్సు వచ్చింది. ఆయన సంచి అందుకుని పరిగెత్తాడు.

ఆదివారం విమానం చక్కగా ఎగిరింది. ఎడమకు తిప్పి వదిలితే నేను ఆపినచోటే ఆగింది. దించాక చాలాసేపు మక్కజొన్న చేను గట్టు మీద కూర్చున్నాను. ఆ కబురు కావాలని అడిగిన మనిషి ఒక్కరే. ఆయన పేరు నాకు తెలియదు.