మిట్ట ఎక్కే మంద

ఆదివారం పొద్దున లింగాల దగ్గరి ఊరి నుంచి మా అత్త ఫోన్ చేసింది. "మీ మామ మిట్టకాడ పడిపోయినాడు. ఇంగ లేడు. రాప్పా" అని పెట్టేసింది. ప్రొద్దుటూరు డాక్టరమ్మ చెప్పిన గుండె పరీక్ష మిగిలిపోయింది. సూడి గొర్రెలు ఈనడమూ ఇంకా పూర్తి కాలేదు.

మా మేనమామ జీవితమంతా గొర్రెల వెంట నడిచాడు. మంద మేస్తున్నంతసేపూ కూర్చునేవాడు కాదు. "కాపరి కూర్చుంటే గొర్రెకు అలుసు" అనేవాడు. అలసిపోతే కర్ర మీద గడ్డం ఆనించి నిలబడేవాడు. మాట్లాడేది తక్కువ. ఎండాకాలంలో మా ఇంటికొస్తే ముందు కుండలో నీళ్లు తాగి, ఆ తరువాతే పలకరించేవాడు.

పోయిన ఏడు రొమ్ము పట్టేస్తోందని అత్తకు చెప్పాడు. పులివెందులకు తీసుకుపోతే పండుకోబెట్టి ఈసీజీ తీశారు. బాగుందన్నారు. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఊర్లో కనపడినోళ్లకంతా చూపిస్తాండాడప్పా, పెండ్లి పత్రిక మాదిరి" అని అత్త నాతో మొరపెట్టుకుంది. "మిట్ట ఎక్కొస్తే మాత్రం మనిషి చెమటతో తడిసిపోతాండాడు."

అందుకని ఈ ఏడు గొర్రెలు ఈనే ముందు మామా నేనూ ప్రొద్దుటూరుకు బయలుదేరాం. బస్సులో దారి పొడుగునా కిటికీలోంచి బీళ్లు చూస్తూ, ఎక్కడ మేత ఉందో చెబుతూ వచ్చాడు.

"ఆగకుండా ఎంత దూరం నడుస్తావు?" అని డాక్టరమ్మ అడిగింది.

"పొద్దున్నుంచి మాపటిదాకా."

"ఈసీజీ పండుకున్నప్పుడు తీసింది కదా. అప్పుడు గుండెకు పనేముంటాది? మిషన్ మీద నడిపిచ్చి చూడాల."

"నడిచేదానికి ఇంత దూరం బస్సులో రావాల్నామ్మా?"

లోపలి గదిలో వైర్లు అంటించడానికి నర్సు రొమ్ము మీద వెంట్రుకలు గొరిగింది. మామ కదలకుండా నిలబడ్డాడు. "బాగానే కత్తిరిస్తాండావు. ఉన్ని మీకేనా?"

"నీ ఉన్ని ఎవురికి కావాల మామా! నొప్పొస్తే చెప్పు, ఆపేస్తాం."

చెప్పలేదు. పోలీసు ఉద్యోగానికి పరుగు పెట్టిస్తారే, అలాంటిదనుకున్నాడు. చివరిదాకా ఓర్చుకుంటే నెగ్గినట్లని ఆయన లెక్క. మిషన్ మీద కాళ్ల కింది పట్టె వేగం పెరిగింది. పిడి మీద వేళ్లు బిగిశాయి. తెర మీద గీతలు చూసి డాక్టరమ్మే మిషన్ ఆపించింది.

"ఇంగ రోంతసేపు ఉంటే నెగ్గేవాణ్ణి. ఆపేసినారు" అన్నాడు బయటికొచ్చి, బనీను తిప్పి తొడుక్కుంటూ.

గుండెకు రక్తం పోయే నాళాల్లో అడ్డం ఉండొచ్చనీ, యాంజియోగ్రామ్ తీస్తే ఎక్కడో తెలుస్తుందనీ, ఆలస్యం చేయవద్దనీ డాక్టరమ్మ చెప్పింది. మాత్రలు రాసి, మిట్టలు ఎక్కొద్దంది.

"గొర్రెలు ఈనేది కానీమ్మా. ఇప్పుడు పండుకుంటే పిల్లలను ఎవురు చూస్తారు?"

అత్త తిట్టింది. జమ్మలమడుగు నుంచి కూతురు వచ్చి ఏడ్చింది. నేను రెండుసార్లు పోయి అడిగాను. "వస్తాలేప్పా. యాడికి పోతా?" అన్నాడు. మాత్రలు మాత్రం వేళకు మింగాడు.

మట్టి చేసిన మర్నాడు దొడ్లో గొర్రెలు ఒకటే అరుపు. ఆకలికి చావు ఇల్లని తెలియదు. తోలుకుపోవడానికి ఎవరూ లేక నేను కర్ర తీసుకున్నాను. పిల్ల తల్లులను చూసుకోవడానికి అత్త వెనక వచ్చింది.

మిట్ట మీది బాట సగం కూడా ఎక్కలేదు, మంద ఆగిపోయింది. అక్కడ మేత లేదు, నీడ లేదు. ఉత్త బండ. ముందున్న పొట్టేలు తల వంచుకుని నిలబడింది, వెనకవన్నీ దానికి ఆనుకుని నిలబడ్డాయి. నేను అదిలించబోయాను.

"తోలొద్దు" అంది అత్త. "రోంతసేపుంటే అవే కదుల్తాయి. మీ మామతో ఇట్లే అలవాటయింది వాటికి."

కదిలాయి. కొంచెం పైకి పోయి మళ్లీ ఆగాయి. మిట్ట పైకి చేరేలోగా ఇంకోసారి కూడా ఆగాయి. అవి ఆగిన ప్రతిచోటా అత్తా నేనూ నిలబడ్డాం.