బావ అంటించిన రేడియేషన్ బిళ్ళ

మా ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా ముందు దాన్ని వాడుతున్న మనిషినే అనుమానిస్తారు. ఆ మనిషి ఆడపిల్ల అయితే విచారణ కూడా ఉండదు. నా మొదటి స్మార్ట్‌ఫోన్ విషయంలో అదే జరిగింది.

అరసవల్లిలో, గుడికి వెళ్ళే ఆటోలు మలుపు తిరిగే సందులో మా ఇల్లు. డిగ్రీ అయ్యాక నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. పిల్లల ముందు తప్ప ఇంకెక్కడా నోరు పెగిలేది కాదు. కూడబెట్టుకున్న జీతంతో ఆన్‌లైన్‌లో ఫోన్ కొనుక్కున్నాను. సినిమాలు చూడ్డానికని అమ్మ అనుకుంది. ఎవరితోనో మాట్లాడ్డానికని పక్కింటివాళ్ళు అనుకున్నారు. నేను కొన్నది చదువుకోవడానికి. ఎప్పుడో అచ్చయి, ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకని తెలుగు పుస్తకాలను ఎవరో ఓపికమంతులు పేజీ పేజీ ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారని అప్పుడే తెలిసింది. గ్రంథాలయానికి వెళ్ళి, పేపర్లు చదివే మగవాళ్ళ బల్లల మధ్య నుంచి నడిచి, ఫలానా పుస్తకం ఉందా అని అడగడం నా వల్ల కాలేదు. గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చిన రోజులున్నాయి. ఫోన్ అయితే నా మొహం చూడదు, ఎవరమ్మాయివని అడగదు. పుస్తకం పేరు కొడితే చాలు.

కాకపోతే ఆ పుస్తకాలు మహా బరువు. సిమ్ కార్డు డేటాతో దింపాలంటే జీతం కరిగిపోతుంది. అప్పట్లో డేటాను నెయ్యి వడ్డించినట్టు చుక్కలు చుక్కలుగా వాడుకునేవాళ్ళం. అదృష్టం కొద్దీ ఇంట్లో వైఫై ఉంది. సాయంత్రం పూట పద్యనాటకాలు వినడానికి నాన్న కేబుల్ ఆఫీసువాళ్ళ చేత పెట్టించుకున్నారు. ముందు గదిలో టీవీ పక్కన ఆ పెట్టె పచ్చగా మిణుకుమంటూ ఉండేది.

ఫోన్ వచ్చినది ఆదివారం ముందు రోజు. ఆదివారం అంటే మా ఇంటికి బావ వచ్చే రోజు.

బావ అంటే మా అక్క భర్త. చీపురుపల్లిలో కాపురం, విజయనగరంలో ఏదో ఆఫీసులో ఉద్యోగం. వారమంతా గుమాస్తా. ఆదివారం మాత్రం లోకోద్ధారకుడు. పొద్దున్నే ప్యాసింజర్‌లో అక్కని వెంటబెట్టుకుని వచ్చి, సూర్యనారాయణస్వామి దర్శనం చేసుకుని, గుడి దగ్గరి లాడ్జి మేడ మీద చైన్ బిజినెస్ మీటింగులో కూర్చుని, మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి చేరేవాడు. ఆ మీటింగులో అమ్మేవన్నీ మా ఇంట్లో ఉండేవి. బీపీ తగ్గించే అయస్కాంతం గాజు నాన్న చేతికి ఉండేది. బీపీ కూడా అలాగే ఉండేది. మోకాళ్ళ నొప్పులకు ఊదారంగు రసం అమ్మ తాగేది. దాని రుచి గురించి అమ్మ ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అల్లుడు తెచ్చినదాన్ని చేదుగా ఉందనడం మా ఇళ్ళలో కుదరదు. అల్లుడి మాటకి ఎదురు చెప్పడం అంతకన్నా కుదరదు.

ఆ ఆదివారం కూడా బావ చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చున్నాడు.

"ఏదీ, మరదలు పిల్ల కొత్త ఫోనంట. ఇటియ్యి."

ఇచ్చాను. గోటితో వెనక మూత ఊడదీశాడు. భుజానికున్న సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు, అందులోంచి పేకముక్కంత రాగిరంగు రేకు బిళ్ళ తీశాడు. మీద తామరపువ్వు బొమ్మ.

"ఇదేటి బాబూ?" అంది అమ్మ.

"రేడియేషన్ బిళ్ళ అత్తా. ఫోన్లోంచి వస్తాది సూడు రేడియేషన్, దాన్ని ఇది మింగేస్తాది. మనిషి మీదకి రానివ్వదు."

"మరి మీ మావయ్య ఫోనుకో?"

"మావయ్యకేటవుతాదత్తా ఇప్పుడు? పెమాదమంతా పెళ్లి కావల్సిన పిల్లలకే. రేపు దీనికి పిల్లా పాపా కలగాల గదా."

అమ్మ మొహం మారిపోయింది. "అంటించీ బాబూ, అంటించీ."

ఇంటి గోడలన్నీ దాటుకుని వచ్చే ఆ కిరణాలు, ఎదురుగా ఉన్నది పెళ్లయిన మనిషో కాని మనిషో కనుక్కుని మరీ తగులుతాయన్నమాట. జాతకాలు చూసే రేడియేషన్ గురించి నేను ఏ సైన్సు పుస్తకంలోనూ చదవలేదు. కానీ అది మనసులో అనుకోవడమే. బావ బిళ్ళను మూత లోపలి వైపు అంటించి, బొటనవేలితో నొక్కి, మూత బిగించి ఇచ్చాడు. కొత్త ఫోన్‌కి పసుపు కుంకుమ పెట్టినంత తృప్తిగా అమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది.

ఆ సాయంత్రమే మొదలైంది నా అవస్థ. వెనక గదిలో, బియ్యం బస్తాల పక్కన నా మంచం. అక్కడ కూర్చుని ఒక పుస్తకం పేరు కొట్టాను. తెర మధ్యలో ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. నేను అన్నం తిని, గిన్నెలు కడిగి వచ్చినా తిరుగుతూనే ఉంది. మర్నాడూ అంతే. అట్ట కనబడేది, ఆపైన సగం పేజీ దిగేది, మళ్ళీ చక్రం. అదే మంచం మీద కూర్చుంటే నాన్న పాత ఫోన్‌లో మాత్రం హార్మోనియం ఎక్కడా తెగకుండా పద్యం సాగేది.

నాకు చేతనైనవన్నీ చేశాను. పెట్టె తీగ పీకి మళ్ళీ పెట్టాను. ఫోన్ ఆపి మళ్ళీ వేశాను. పాస్‌వర్డ్ చెరిపేసి మళ్ళీ కొట్టాను. నాన్న ఫోన్‌లో వైఫై ఆపి నాది ఒక్కటే వాడి చూశాను. పెట్టె పక్కన నిలబడితే కాస్త కదిలేది. నాలుగడుగులు వెనక్కి వేస్తే చచ్చిపోయేది. టీవీ ముందు నిలబడి పుస్తకం చదివితే అమ్మ ఊరుకోదు. వీధిలో పోయేవాళ్ళందరికీ కనిపిస్తాను.

నాన్న కేబుల్ ఆఫీసుకి చెబితే ఒకతను స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని వచ్చాడు. పెట్టెను ఎత్తి చూసి, దుమ్ము ఊది, మళ్ళీ అక్కడే పెట్టాడు. తన ఫోన్‌లో ఒక సినిమా పాట పెట్టుకున్నాడు. అది పూర్తిగా వినేదాకా కదల్లేదు.

"లైను బెమ్మాండంగా ఉన్నాది బాబుగారూ. ఇది ఫోన్ దోషం. ఈ ఆన్‌లైన్ ఫోన్లంతే, పైన పటారం."

అమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయాడు. నా ఫోన్‌ని చేత్తో పట్టుకోను కూడా లేదు. ఇద్దరు నిపుణులు ఉన్న ఇంట్లో మూడో మనిషి మాటకి చోటుంటుందా? నాన్న బావకి ఫోన్ చేశారు. స్పీకర్‌లో బావ గొంతు ఖంగుమంది.

"సెప్పినాను గదా మావయ్యా, ఆన్‌లైన్‌లో అన్నీ డూప్లికేటే అని. వెనక్కి పంపీడానికి ఈ ఆదివారం దాకా టైమున్నాది. నాను వచ్చి దగ్గరుండి పంపించీసి, మా ఫ్రెండు కొట్లో మంచిది ఇప్పిస్తాను. దానికేటి, మాట్లాడుకోడానికి సిన్న ఫోనయితే సాలదా?"

అంటే మీటలు నొక్కే చిన్న ఫోన్. మాట్లాడ్డం తప్ప దానికి వేరే పని తెలియదు. నాకు రానిది అదొక్కటే. నాన్న తల ఊపారు. ఆదివారం ఫోన్ వెళ్ళిపోతుందని, దానితో పాటు ఆ పుస్తకాలన్నీ వెళ్ళిపోతాయని నిర్ణయమైపోయింది. నేను వెనక గదిలోకి వెళ్ళి ఆ చక్రాన్ని చూస్తూ కూర్చున్నాను.

శనివారం ఒంటిపూట బడి. ఎండలో నడిచి ఇంటికి వచ్చేసరికి ఫోన్ పెనంలా కాలుతోంది. వెనక్కి పంపేలోగా ఇంకా పాడైతే ఆ నింద కూడా నాకే. చల్లారడానికని వెనక మూత తీసి, ఫోన్‌ని ఫ్యాను కింద మంచం మీద పెట్టాను. మంచినీళ్ళు తాగి వచ్చి చూస్తే తెర మీద చక్రం లేదు. వారం నుంచి అట్ట దగ్గరే ఆగిపోయిన పుస్తకం మొత్తం దిగి ఉంది.

మూత పెట్టి ఇంకో పుస్తకం కొట్టాను. చక్రం. మూత తీశాను. పేజీలు బియ్యం ఒలికినట్టు వచ్చిపడ్డాయి. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాను. మూతలోంచి తామరపువ్వు నన్ను చూస్తోంది. మింగేస్తుందన్నాడు బావ. జీవితంలో మొదటిసారి అతను అమ్మిన వస్తువు చెప్పిన పని చేసింది. వచ్చే సిగ్నల్ మొత్తాన్నీ మింగేసింది.

పెరట్లో చేపలు కడుగుతున్న అమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"అమ్మా, ఫోన్ బానే ఉంది. ఆ బిళ్ళ వల్లే. అది తీసేస్తే..."

అమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. "ఒసే, నీకేటైనా మతుండే మాట్లాడతన్నావా? నీ మంచి కోరి అంటించినాడు బాబు. అది పీకేసి రేపు నీకేదైనా అయితే ఆయన మొహం ఎలగ సూడాల నాను? నోర్ముయ్యి."

మూసుకున్నాను. దానిలో నాకు మంచి అభ్యాసం ఉంది.

ఆదివారం బావ వచ్చాడు. వెనకే అక్క, గుడి ప్రసాదం పొట్లంతో. భోజనాలకు ముందే బావ పని మొదలుపెట్టాడు. నా ఫోన్ తీసుకుని, ఏదో వీడియో నొక్కి, నాన్న కళ్ళ ముందు పట్టాడు.

"సూడండి మావయ్యా. తిరుగుతన్నాది, తిరుగుతన్నాది. ఇంతే ఇది. ఏటే మరదలా, డబ్బాలో పెట్టి తెచ్చీ. పంపించీద్దాం."

డబ్బా నా చేతిలోనే ఉంది. దాన్ని కింద పెట్టాను. బావ చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. గోరు రెండుసార్లు జారింది. మూత ఊడదీసి టీపాయ్ మీద బోర్లించి, ఫోన్ మళ్ళీ బావకే ఇచ్చాను. మాట్లాడి ఉంటే ఏడ్చేసేదాన్ని.

బావ నమ్మకంగా మళ్ళీ వీడియో నొక్కాడు. అది గడగడా మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఎవరో ముసలాయన బెండకాయల సాగు గురించి చెబుతున్నాడు. నాన్న వంగి చూశారు. బావ ఆపి, వేరేది నొక్కాడు. అదీ ఆడింది.

"బానే ఉన్నాదే!" అన్నారు నాన్న.

బావ మూత ఎత్తి బిళ్ళను వెలుతురులో పెట్టి చూశాడు. డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు.

"అదీ సంగతి. నిండిపోనాది మావయ్యా. వారంలోనే ఇంత మింగీసినాదంటే ఎంత రేడియేషన్ ఉన్నాదో సూడండి. నిండిపోతే ఇంక దారి ఇవ్వదు. కొత్తది ఎయ్యాల." సంచి మళ్ళీ తెరుచుకుంది. ఇంకో కవరు, ఇంకో తామరపువ్వు.

"మంచి టైముకి తెచ్చినావు బాబూ," అంది అమ్మ.

అతను దాని వెనక కాగితం ఒలుస్తున్నాడు. ఆ కాగితం ఊడిందంటే నా పని అయిపోయినట్టే.

"మీ ఫోనుకి లేదేటి బావా?"

ఆ గొంతు నాదేనని నాకు నమ్మకం కలగలేదు. అందరూ నా వైపు చూశారు. బావ నవ్వాడు. "నాకేల పిల్లా..."

"ఉండేది కదండీ," అంది అక్క. ప్రసాదం పొట్లం విప్పుతూ, తల కూడా ఎత్తకుండా, ఎంతో మామూలుగా. "అందరికన్నా ముందు మీదానికే అంటించుకున్నారు. మీటింగోళ్ల ఫోన్లు తగల్డం నేదని మర్నాడే పీకీసినారు. నాను కత్తిపీటతో గోకితే గానీ రానేదు, మర్చిపోనారా?"

అమ్మ బావ మొహం చూసి, చటుక్కున నేల చూసింది.

"అది పాత మోడలు," అన్నాడు బావ.

"ఫోన్‌దా, బిళ్ళదా?" అన్నారు నాన్న. ఎగతాళికి అన్నారో, తెలుసుకుందామని అన్నారో ఇప్పటికీ నాకు తెలియదు. జవాబు కోసం ఆగలేదు. "ఒగ్గీ అల్లుడూ. ఫోన్ ఉండనీ దాని దగ్గర. నువ్వు భోంచెయ్యి."

బావ సగం ఒలిచిన కాగితాన్ని మళ్ళీ జాగ్రత్తగా బిళ్ళకి అంటించి కవర్లో దోపాడు. ఇంకెవరికో పనికొస్తుంది. మా జిల్లాల్లో పెళ్లి కావలసిన పిల్లలకి కొదవా?

వాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చున్నాక నేను మూత పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాను. పువ్వు సగం ఊడి వచ్చింది, సగం మొండికేసింది. కొబ్బరినూనె రాసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ గోకాను. బిళ్ళ వదిలాక మూత బిగించి ఒక నవల పేరు కొట్టాను. గుమ్మం అవతల బావ చేపల పులుసు కలుపుకుంటూ నాన్నకి వివరిస్తున్నాడు.

"అసలు నాను వెనక మూతలోనే అంటించినాను సూడండి మావయ్యా, అందుకే తెలిసింది. అదే ఫోన్‌కి అంటించీసుంటేనా, ఎవుడూ కనిపెట్టలేకపోనోడు."

"అవునవును," అంటోంది అమ్మ, పులుసు వడ్డిస్తూ.

ఆ గొప్ప అతన్నే ఉంచుకోమన్నాను, మనసులో. మొదటి పేజీ అప్పటికే వచ్చేసింది.