మధ్యాహ్నం లేచే గీత

మా మేడమ్ పోయారని ఆవిడ తమ్ముడు గారు ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసు తాళం తీస్తున్నాను. గుండె జబ్బుతో విశాఖ ఆసుపత్రిలో చేరారు, వచ్చేస్తానని చెప్పే వెళ్ళారు. నేను మెట్ల మీద అలాగే నిలబడిపోతే కింద మోటార్ వైండింగ్ షాపతను తల ఎత్తి, "ఏటి బాబూ, తాళం రాలేదా?" అన్నాడు. విషయం చెప్పాను. చేతిలోని రాగి తీగ కింద పెట్టాడు. "వెళ్ళే ముందు కూడా నా దగ్గరికొచ్చి, ఈ మోటారు ఎందుకు కాలిందయ్యా అని అరగంట అడిగారు," అన్నాడు. ఆవిడ గురించి నేను విన్న మొదటి సంతాపం అదే.

నర్సీపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఆవిడ మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. ఆ కోర్సు ఎత్తేశాక షాపు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని ఈ ఆఫీసు పెట్టారు. పిలిస్తే నేను చేరాను.

మేం చేసే పని చెప్పడం కష్టం. ఇప్పుడు కంపెనీల కంప్యూటర్లు వాళ్ళ దగ్గర ఉండవు. ఎక్కడో పెద్ద భవనాల్లో ఉన్నవాటిని గంటల లెక్కన అద్దెకు వాడుకుంటారు. క్లౌడ్ అంటారు. ఏది ఎంత వాడారు, దేనికి ఎంత బిల్లయింది అని చూపించే రిపోర్టులు మేం తయారు చేస్తాం. మేడమ్ మాత్రం తేలిగ్గా చెప్పేసేవారు. "టెంట్ హౌస్ సామానే అనుకోండి. పెళ్ళయిపోయాక కుర్చీలు పెరట్లో మర్చిపోతే అద్దె నడుస్తూనే ఉంటాది. అవి ఎక్కడున్నాయో వెతికిపెట్టేది మేం."

ఆవిడ మౌస్ పట్టుకునేవారు కాదు. తెర మీద వాడుక ఎంతుందో తెలిపే గీతని వేలితోనే చూపించేవారు. మిక్చర్ తిన్న వేలు. రోజూ సాయంత్రం నేను ఆ నూనె మరకలు తుడిచేవాణ్ణి. గీత ఎక్కడ లేచినా, ఎక్కడ పడిపోయినా ఎందుకని ఆవిడకు తెలిసితీరాలి. బిల్లు తక్కువే కదా వదిలేద్దాం అంటే, "బిల్లు గొడవ కాదురా. అక్కడ ఎవరో ఏదో చేస్తున్నారు. ఏటి చేస్తున్నారో తెలుసుకోవాలని లేదా నీకు?" అనేవారు.

మాకు ఒక పాల డెయిరీ పని ఉండేది. అదే మాకు పెద్ద ఆధారం. ఒక ఏడాది డెయిరీ అకౌంట్స్ ఆఫీసరు గారు, క్లౌడ్ బిల్లు తగ్గించకపోతే ఈ పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని గట్టిగానే చెప్పారు. రిపోర్టులో ఒక మిషన్, అంటే ఒక అద్దె కంప్యూటర్, పక్కన ఓనర్ పేరు ఖాళీగా ఉంది. పెట్టినతను ఎప్పుడో ఉద్యోగం మానేశాడట. రిపోర్టు తయారు చేసే టూలే దాని పక్కన పసుపు గుర్తు పెట్టి, వాడుక లేదు, ఆపేయవచ్చు అని రాసింది. ఆపేద్దామని ఆఫీసరు గారు అన్నారు. నాకూ అదే సబబనిపించింది.

మేడమ్ తెర మీద వేలు పెట్టారు. "ఇది రోజంతటి సగటు. గంటగంటకీ విడదీసి చూపించు."

విడదీశాను. రోజంతా నేలబారుగా ఉన్న గీత, మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఒక్కసారి లేచి మళ్ళీ పడుకుంటోంది. రోజూ అంతే.

"ఆపడానికి ఒక్క నొక్కు చాలు," అన్నారు మేడమ్. "ఆపాక ఎవరు తిట్టుకుంటారో రిపోర్టులో రాదు. పద."

అది ఫోన్లు అందుకునే మిషనని, ఆ ఫోన్లు నాతవరం వైపు ఊళ్ళ నుంచి వస్తున్నాయని దాని రికార్డులు తిరగేస్తే తెలిసింది. షేర్ ఆటోలో వెళ్ళాం. దారంతా మేడమ్ ఆటో అతన్ని, పక్కనున్న జీడిపిక్కల బస్తా ఆవిణ్ణి ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. పాల కేంద్రం నడిపే ఆవిడ మమ్మల్ని చూసి నవ్వింది. "ఆ ఫోనాండీ? పొద్దున్న పోసిన పాలెన్ని, వెన్న ఎంతొచ్చింది, అది సెప్తాది. ఫోన్ సేసి, కేంద్రంలో మీకిచ్చిన నెంబర్ నొక్కితే సాలు."

ఆవిడ అత్తగారు అరుగు మీద కూర్చుని ఉంది. "నాకు సదువు రాదమ్మా," అంది మేడమ్‌తో. "సీటీ మీద ఏటి రాసినా నాకొకటే. దీన్లో అయితే ఇంటాను. ఎన్న తక్కువ రాస్తే దెబ్బలాడతాను."

"నిజమేనండి," అంది కోడలు. "మొన్న నాతోనే దెబ్బలాడింది."

మేడమ్‌కి ఇంకో అనుమానం మిగిలింది. పాలు పోసేవాళ్ళ కంటే వచ్చే ఫోన్లు చాలా ఎక్కువ. ఎందుకని? కోడలు అత్తవైపు ఓరగా చూసింది. "మా అత్త ముందు పక్కింటోల్ల నెంబర్ నొక్కుతాదండి. తనది తర్వాత. నెంబర్లు క్యాన్ల మీదే రాసుంటాయి కదా."

"నానొక్కదాన్నేటి? ఊరంతా నొక్కుతారు," అంది ముసలమ్మ.

మేడమ్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత ముసలమ్మ నెంబరు అడిగి తీసుకున్నారు.

ఆ మిషన్ని మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మాత్రమే నడిచేలా మార్చాం. మిగతావి కూడా అలాగే వెతికాం. బిల్లు తగ్గింది, పని మా చేతిలోనే ఉంది. కానీ ఓనర్ గడిలో పేరు పెట్టడానికి డెయిరీలో ఎవరూ ముందుకు రాలేదు. పేరున్నవాళ్ళు ప్రతి నెలా ఆ ఖర్చుకి జవాబు చెప్పుకోవాలి. మేడమ్ తన పేరే రాసేశారు. మానేసిన మనిషి పేరు మీద ఏదీ నడవకూడదని, పేరు లేనిది నెలాఖరుకి దానంతట అదే ఆగిపోవాలని నియమం పెట్టిందీ ఆవిడే.

అప్పటి నుంచి భోజనం అయ్యాక ఆవిడ ఆ మిషన్‌కి ఫోన్ చేసి, ముసలమ్మ నెంబరు నొక్కి పాల లెక్క వినేవారు. "ఒరే, ఈ పూట లీటరు తగ్గింది. గేదె ఒట్టిపోతున్నట్టుంది." మరి కొన్నాళ్ళకి, "ఈ పూట పాలు పోయలేదు" అనే వచ్చేది. చూడి గేదె అని కోడలితో మాట్లాడి తెలుసుకున్నారు. ఆసుపత్రి నుంచి నాతో చివరిసారి మాట్లాడినప్పుడు డెయిరీ రిపోర్టు పంపించావా అని అడిగారు. పంపించానన్నాను. "ముసలమ్మ గేదె ఈనిందేటి?" అన్నారు. నేను చూడలేదన్నాను. "చూడు మరి," అన్నారు.

అంత్యక్రియల తర్వాత ఆఫీసుకి వచ్చాను. ఆవిడ లేరని డెయిరీవాళ్ళు నమోదు చేయడంతో ఆవిడ పేరున్న గడి ఎర్రగా మారింది. ఆఫీసరు గారు ఫోన్‌లో మేడమ్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, "ఇక ఆ ఫోన్ల మిషన్ ఉంచడం ఎందుకండీ? నెలాఖరుకి ఎలాగూ ఆగిపోతుందిగా," అన్నారు. ఆయన తప్పేం లేదు. ఆయన అరుగు మీది ముసలమ్మని చూడలేదు.

మేడమ్ పేరు తీసేసి నా పేరు కొట్టాను. ఎరుపు పోయింది.

కాసేపటికి గీత లేవడం మొదలైంది. నేను ఆ మిషన్‌కి ఫోన్ చేసి ముసలమ్మ నెంబరు నొక్కాను. ఈ పూట పాలు పోయలేదు అంది గొంతు. పెట్టేశాను. తెర మీద గీత ఇంకొంచెం లేచింది, నా ఫోనూ అందులో ఒకటి. రేపు భోజనం అయ్యాక మళ్ళీ చెయ్యాలి.